నాలుగో నంబరు పలక

ఆ ఫైరింగ్ రేంజిలో పొద్దున్నే వినపడే మొదటి చప్పుడు తుపాకీది కాదు, పెద్దాయన సుత్తిది. ఎనిమిది లైన్లకి ఎనిమిది ఉక్కు పలకలు. ఒక్కొక్కటీ భోజనం కంచం కంటే కాస్త పెద్దది, గొలుసులతో ఇనప చట్రానికి వేలాడుతూ, తప్పు చేసినవాడిలా కొంచెం ముందుకి తల వంచుకుని ఉంటుంది. అలా వంచి కట్టింది ఆయనే. తగిలిన తూటా పగిలి ముక్కలవుతుంది కదా, ఆ ముక్కలు కింద ఇసుకలోకి దిగాలి గాని కాల్చినవాళ్ల మొహం మీదికి రాకూడదు. పెద్దాయన రోజూ పలక పలకకీ ఆగి, గొలుసు కొక్కెం లాగి చూసి, నడిమధ్యన సుత్తితో ఒక్కటి వేసేవాడు. ఖణ్‌మని మోగి ఆ మోత సన్నగా సాగుతూ పోతే పలక బాగున్నట్టు. సగంలోనే చచ్చిపోతే లోపల ఎక్కడో పగులున్నట్టు.

"మంచి పలక పాడుతుంది, చెడ్డ పలక దగ్గుతుంది," అనేవాడు కోడలితో. "అంచు మీద కొట్టి మురిసిపోకమ్మా. అంచు మీద కొడితే ఏ పలకైనా పాడుతుంది. మధ్యలో కొట్టాలి."

కోడలు కొన్నాళ్లుగా ఆయన వెంట రేంజికి వస్తోంది. కొడుకు గోడౌన్‌లో ఎత్తు మీంచి పడి, నడుం దెబ్బతిని ఎనిమిది నెలలుగా మంచం మీద ఉన్నాడు. పెద్దాయనకి ఇంకో మూడు నెలల్లో ఉద్యోగం అయిపోతుంది. ఆ తరవాత ఇల్లు గడవాలంటే కోడలికి సెక్యూరిటీ కంపెనీలో గార్డు పని రావాలి. ఆ పని రావాలంటే ఈ రేంజిలోనే కంపెనీ పెట్టే పిస్తోలు పరీక్షలో ఆమె పాసవ్వాలి. ఇంతకంటే వేరే దారి ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. కాల్పుల చప్పుడుకి ఉలిక్కిపడకుండా చెవి అలవాటు పడుతుందని ఆయనే వెంట తీసుకొచ్చేవాడు. అక్కడ ఆమె తుపాకీ కంటే ముందు సుత్తి నేర్చుకుంది.

పలకలంటే పెద్దాయనకున్న ప్రాణం రేంజిలో అందరికీ వేళాకోళమే. మెళ్లో తాడు, ఆ తాడుకి ఒక అయస్కాంతం. ఎవరు సొంత తూటాలు తెచ్చుకున్నా గేటు దగ్గరే డబ్బా తెరిపించి, ఒక్కొక్కదానికీ అయస్కాంతం తాకించి గాని లోపలికి పంపేవాడు కాదు. పైకి అన్ని తూటాలూ రాగి రంగే. లోపల సీసముంటే పలకకి తగిలి మట్టిముద్దలా చితికిపోతుంది. లోపల ఉక్కు ముక్కుంటే పలకని తవ్వేస్తుంది. ఆ తేడా కంటికి తెలియదు, అయస్కాంతానికి తెలుస్తుంది. "చిల్లరిచ్చినా అయస్కాంతం పెట్టి చూసుకునే రకం" అని విజిల్ సారు ఏడిపించేవాడు. కాల్పులు మొదలెట్టడానికీ ఆపడానికీ విజిల్ ఊదేది ఆయనే కనక ఆయనకా పేరు. పెద్దాయన నవ్వేసేవాడు, తూటాని మాత్రం వదిలేవాడు కాదు.

అలాంటి మనిషి ఒక్కసారి వదిలేశాడు. తప్పు చేసినవాళ్లందరూ ఒక్కసారే అంటారు లెండి.

పరీక్షకి పది రోజులుందనగా ఒక ఆదివారం వియ్యంకుడు ఊడిపడ్డాడు, కోడలి తండ్రి. ఏదో డిపోలో కాపలా పని చేసి రిటైరైన మనిషి. ఎవరిదో పాత రైఫిలూ, అంతకంటే పాతదైన తూటాల డబ్బా పట్టుకొచ్చి, వెనక గట్టు మీంచి నాలుగు గుళ్లు కాలుస్తానన్నాడు. పెద్దాయన అలవాటు కొద్దీ మెళ్లో అయస్కాంతం చేతిలోకి తీసుకున్నాడు. వియ్యంకుడు డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టి నవ్వాడు.

"ఏంటి బావగారూ, నాక్కూడా పరీక్షేనా? పిల్లనిచ్చినప్పుడు నేను మీ ఇంటికి అయస్కాంతం పెట్టి చూశానా?"

నవ్వుతూనే అన్నాడు. కానీ మాట ఎక్కడ దిగాలో అక్కడే దిగింది. మంచం మీదున్న కొడుకు, తుపాకీ పట్టడానికి బయల్దేరిన కోడలు, ఇద్దరూ ఆ ఒక్క మాటలో ఉన్నారు. పిల్లనిచ్చినవాడి ముందు మొహం చెల్లని మనిషి ఏం చేస్తాడు? పెద్దాయన కూడా నవ్వి అయస్కాంతాన్ని చొక్కాలోకి జారవిడిచాడు. "భలేవారే బావగారూ, మీకు పరీక్షలేంటి, రండి," అన్నాడు.

నాలుగో లైనులో పలక చప్పుడు మారడం ఆయన గేటు దగ్గర్నించే విన్నాడు. పరిగెత్తుకెళ్లి ఎర్రజెండా పాతి, వెళ్లి చూస్తే పలక మధ్యలో మూడు గుంటలు. బొటనవేలి కొస దిగేంత లోతు. వెనకే వచ్చిన వియ్యంకుడు వంగి చూసి పెదవి విరిచాడు.

"మీ పలకలు మెత్తగా ఉన్నాయి బావగారూ."

పెద్దాయనకి ఒళ్లు మండిపోయింది. మింగలేక కక్కలేక నిలబడి, చివరికి టీ తెప్పించి ఇచ్చి, బస్టాపు దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు.

గుంట పడ్డ పలక పనికిరాదు. పలక నున్నగా ఉన్నంతసేపే తూటా ముక్కలు దాని మీంచి జారి పక్కలకీ కిందికీ పోతాయి. గుంటలో పడ్డ తూటా గిన్నెలో పడ్డ నీళ్లలా ఎగిరి వచ్చినదారినే వెనక్కొస్తుంది. పోనీ గుంట పూడుద్దామా అంటే, ఆ ఉక్కుని గట్టిపరిచి పంపుతారు, వెల్డింగ్ వేడి తగిలిన చోట దాని పస చచ్చిపోతుంది. పైన అతుకు, చుట్టూ మెత్తబడ్డ ఉక్కు. ఇదంతా ఎవరో చెబితే పెద్దాయన తెలుసుకున్నది కాదు. షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో ఆయనే స్వయంగా రాసి పెట్టాడు. "గుంట పడిన పలక వాడరాదు. పలక ముఖం మీద వెల్డింగ్ చేయరాదు." పంతొమ్మిదేళ్లుగా ఆ రాత వెలిసినప్పుడల్లా మళ్లీ దిద్దుతూ వచ్చాడు కూడా.

షెడ్డులో అదనపు పలక ఒక్కటీ లేదు. మేనేజర్ని అడిగితే, పరీక్షయ్యాక తెప్పిస్తాను, అప్పటిదాకా ఎనిమిది లైన్లూ నడవాల్సిందే అన్నాడు. అసలు సంగతి చెప్పాలంటే రిజిస్టర్లో రాయాలి. ఎవరి తూటా, ఎవరు చూసి పంపారు? వియ్యంకుడి పేరు, కింద తన పేరు. అదే ఇంటి కోడలు పది రోజులు తిరిగేసరికి అదే రేంజిలో పరీక్షకి నిలబడుతుంది. మేనేజరు ఆమె దరఖాస్తు చించి పారేస్తాడని పెద్దాయన భయపడ్డాడు. నిజంగా చించేవాడో లేదో మనకి తెలియదు. ఆయన అడిగి చూడలేదు.

రేంజికి రాకముందు పాతికేళ్లు ఆయన చేసింది వెల్డింగే. సాయంత్రం అందరూ వెళ్లాక పలకని షెడ్డులోకి మోసుకొచ్చి, మూడు గుంటలూ నింపి, గ్రైండర్ పెట్టి నునుపు చేసి, తెల్లరంగు వేశాడు. పని అయ్యాక వెలుగులోకి పట్టుకెళ్లి చూసుకుంటే అతుకెక్కడుందో తనకే కనపడలేదు. సిగ్గుపడాల్సిన ఆ క్షణంలో ఆయన గర్వపడ్డాడు. చెయ్యి ఇంకా పోలేదనుకున్నాడు. పైన పటారం లోన లొటారం అన్న మాట అంతకుముందు ఎన్ని పలకల గురించి అన్నాడో ఆ పూట గుర్తు రాలేదు. పిస్తోలు తూటాలేగా, మెత్తటి సీసమేగా, ఒక్క పరీక్ష గట్టెక్కితే కొత్త పలక వచ్చేస్తుంది అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున కోడలు సుత్తి కోసం చెయ్యి చాపితే, "ఇవాళ టైము లేదమ్మా," అన్నాడు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు ఆమె అడగడం మానేసింది.

పరీక్ష రోజున నలభై మంది వచ్చారు, ఎనిమిదేసి మంది చొప్పున ఐదు జట్లు. ఒక్కో జట్టు కాల్చి దిగగానే పెద్దాయన ఎర్రజెండా పట్టుకెళ్లి మధ్యలో పాతుతాడు. అది అక్కడున్నంతసేపు ఎవరూ తుపాకీ ముట్టుకోకూడదు. దెబ్బల మచ్చలు లెక్కపెట్టడం పరీక్షవాళ్ల పని, మచ్చల మీద మళ్లీ తెల్లరంగు కొట్టడం ఆయన పని. రంగు ఆరగానే జెండా పీక్కుని వచ్చేస్తాడు, విజిల్ సారు విజిల్ ఊదుతాడు.

మొదటి జట్టూ రెండో జట్టూ సాఫీగా దాటిపోయాయి. పెద్దాయన గుండె కొంచెం కుదుటపడింది. మూడో జట్టు దిగాక నాలుగో పలక ముందుకొచ్చి బ్రష్ ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. తెల్లరంగులో ఒక వెంట్రుకంత గీత, అతుకు చుట్టూ అర్ధచంద్రంలా. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది. అతుకు కదులుతోంది.

జెండా ఆయన పక్కనే ఉంది. దాన్ని పీకకుండా అక్కడే నిలబడి చెయ్యి ఊపితే చాలు, పరీక్ష ఆగేది. ఎందుకు ఆపావని అందరూ అడిగేవాళ్లు, అంతే. ఆయన వెనక్కి తిరిగి, కాల్చేచోట గీసిన హద్దు దగ్గర నిలబడ్డ నాలుగో జట్టుని చూశాడు. ఎడమనించి నాలుగో మనిషి తన కోడలు.

అప్పుడాయన చేసిన పని ఇది. బ్రష్ ముంచి గీత మీద రంగు పూశాడు. జెండా పీకాడు. హద్దు దగ్గరికి వచ్చి, ముక్కలు తగలకుండా పెట్టుకునే కళ్లద్దాలు సరిగ్గా పెట్టుకున్నారో లేదో చూస్తున్నవాడిలా వరసలో నడుచుకుంటూ కోడలి దగ్గర ఆగాడు.

"నువ్వు ఐదులోకి జరుగు," అన్నాడు గొంతు తగ్గించి. "నాలుగులో ఎండ కళ్లలో పడుతోంది."

"నంబర్లు రాసేసుకున్నారుగా మావయ్యా?"

"విజిల్ సారుకి నేను చెబుతాలే, జరుగు."

ఐదులో ఉన్న పొడుగమ్మాయి ఆ మాట విని తనే ముందుకొచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. పొద్దుటినుంచి భయంతో గోళ్లు కొరుక్కుంటున్న వాళ్లందరికీ కబుర్లు చెప్పి నవ్విస్తున్న పిల్ల. "నాకు ఎండైతే ఏంటి, వానైతే ఏంటి! నువ్విటు రా అక్కా, నేనటెళ్తా," అంది. అద్దాల పట్టీ వదులుగా ఉందని కోడలే ఆమె వెనక చేరి బిగించింది. పెద్దాయన అదీ చూశాడు.

విజిల్ మోగింది. ఆరు గుళ్లు కాల్చాలి. మూడోదో నాలుగోదో, పెద్దాయనకి ఆ లెక్క తరవాత ఎంత తలుచుకున్నా తేలలేదు. నాలుగో లైనులో పలక దగ్గింది. పొడుగమ్మాయి పిస్తోలు బల్ల మీద పెట్టింది, నేర్పినట్టే పలకల వైపు మూతి తిప్పి, జాగ్రత్తగా. ఆ తరవాతే రెండు చేతులూ మొహానికి పెట్టుకుని కూలబడింది. అద్దం పగల్లేదు. అద్దానికీ చెంపకీ మధ్య సందులోంచి, కిందనించి పైకి దూరింది ముక్క.

ఎడమకన్ను తీసేశారు.

మూడోనాడు రేంజి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి. అమ్మాయి చెప్పులూ బ్యాగూ ఇక్కడే ఉండిపోయాయట, తీసుకెళ్దామని వచ్చానంది. పెద్దాయన షెడ్డులోకెళ్లి తెచ్చిచ్చాడు. పరీక్షకని కంపెనీ ఇచ్చిన బూట్లు వేసుకునే ముందు ఆ పిల్లే చెప్పులు గోడవారగా జోడుగా విడిచి వెళ్లింది. ఆవిడ వాటిని బ్యాగులో పెట్టుకుని, ఇంకా ఏదో అడగాలన్నట్టు ఆగింది.

"మా అమ్మాయి అద్దాలు సరిగ్గా పెట్టుకోలేదంటున్నారండీ. నిజమేనా?"

పెద్దాయన గేటు గొళ్లెం వేసి మళ్లీ తీశాడు.

"అది అలాంటిదేలెండి, చిన్నప్పట్నుంచీ తొందరే," అంది ఆవిడే మళ్లీ. "పలకలు చూసుకునేది మీరేనట కదా. మా పిల్ల వల్ల మీకేమీ మాట రాలేదు కదండీ? ఈ వయసులో మీకెందుకు వచ్చిన గొడవ, పాపం."

ఆవిడ వెళ్లిపోయాక పెద్దాయన షెడ్డులోకెళ్లి తలుపు వేసుకున్నాడు. గోడ మీద ఎర్ర అక్షరాలు ఎదురుగానే ఉన్నాయి. ఆయన చాలాసేపు వాటికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏడుపొస్తే బాగుండుననిపించింది. అదీ రాలేదు.

అద్దాల మాట పుట్టించింది మేనేజరు. "కాల్చే మనిషి తప్పయితే కంపెనీకీ మనకీ సంబంధం లేదు. పలక తప్పని తేలిందా, మొత్తం పరీక్షే కొట్టేస్తారు, పాసైనవాళ్లు కూడా మొదటికే వస్తారు," అన్నాడు. పాసైనవాళ్లు అన్నప్పుడు పెద్దాయన వైపు చూశాడు. కోడలు పాసైంది. ఆరుకి ఐదు, ఆ రోజుకి అదే ఎక్కువ. "గుడ్డిలో మెల్ల, ఇంకో కన్నన్నా..." అంటూ మేనేజరు మొదలెట్టి, ఏమంటున్నాడో తనకే వినపడి నాలిక కరుచుకున్నాడు. తరవాత గొంతు మార్చి, "విచారణకి పైనించి ఒకావిడ వస్తోంది. పలకలన్నీ కొత్తవాటిలా కనపడాలి పెద్దాయనా," అన్నాడు. అంతకుమించి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. నాలుగో పలక మధ్యలో అతుకు లేచిపోయి నోరు తెరుచుకుని ఉంది. పెద్దాయన ఈసారి వెల్డింగ్ కూడా చెయ్యలేదు. కార్ల సొట్టలకి పూసే పుట్టీ తెచ్చి మెత్తి, పైన రంగేశాడు. ఒకసారి తప్పు చేసిన చేతికి రెండోది ఎంత సులువో చూడండి.

ఇంట్లో కోడలు ఆ నాలుగు రోజులూ మాట్లాడలేదు. ఐదో రోజు కంపెనీ నించి ఉత్తరం వచ్చింది, వచ్చే సోమవారం పనిలో చేరమని. కొడుకు మంచం మీంచే దాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి పైకి చదివాడు. ఎనిమిది నెలల్లో అతని గొంతు అంత గట్టిగా వినపడటం అదే మొదలు. కోడలు ఆ ఉత్తరం తీసుకుని మడిచి వంటింట్లోకి వచ్చింది. పెద్దాయన కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఆ పిల్ల అద్దాల పట్టీ బిగించింది నేను మావయ్యా," అంది. "ఊడిపోయేలా బిగించలేదు."

"ముందు తిను. తరవాత మాట్లాడుకుందాం."

"నాలుగులో ఎండ పడుతోందన్నారు. అప్పుడు ఎండ మన వీపు మీద ఉంది."

పెద్దాయన ముద్ద కంచంలో వదిలేశాడు.

"మా నాన్న వచ్చెళ్లిన మర్నాటినించి మీరు సుత్తి నా చేతికివ్వలేదు," అంది కోడలు. ఆమె గొంతు పెరగలేదు. దానికే ఆయనకి మరీ భయమేసింది. "నేనేం అడగట్లేదు. మీరే చెబుతారేమోనని నాలుగు రోజులు చూశాను. అంతే."

"నీకేమన్నా అయితే వాడి గతేంటమ్మా?" అన్నాడు పెద్దాయన, గోడ అవతల మంచం వైపు చెయ్యి చూపిస్తూ. ఆ మాట నిజమే. నిజం కాబట్టే అది ఎంత నీచంగా ఉందో ఆయనకి చెవినపడి తెలిసింది. ఆ పిల్లకీ ఎవరో ఒకరు గోడ అవతల ఉండే ఉంటారు.

కోడలు ఉత్తరాన్ని డబ్బాల వెనక నిలబెట్టి, ఆయన కంచం తీసి కడిగేసింది.

విచారణకి వచ్చినావిడ నడివయసు మనిషి, చేతిలో చిన్న పుస్తకం, మాట తక్కువ. నాలుగో జట్టులో మిగిలిన ఏడుగురినీ పిలిపించి కాల్చే హద్దు దగ్గర నిలబెట్టింది. ఒక్కొక్కరూ చెప్పారు. సరిగ్గా చూడలేదన్నారు కొందరు, అద్దాలు వదులుగా ఉన్నట్టనిపించిందన్నాడు ఒకడు, మేనేజరు మొహం చూస్తూ. సోమవారం అందరికీ పని ఉంది మరి. కోడలి వంతు చివర్న ఉంది.

అంతలో ఆవిడ పుస్తకం తిరగేసి, "పలకలు రోజూ సుత్తితో కొట్టి చూస్తారని రాశారు. ఎవరు చూసేది?" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దాయన చెయ్యి మెళ్లో అయస్కాంతం మీదికి పోయింది. "నేనేనండి."

"ఏదీ, చూపించండి."

మేనేజరు తేలిగ్గా నవ్వి తల ఊపాడు. పెద్దాయన సుత్తి తీసుకుని ఇసుకలోకి నడిచాడు, వెనకే అందరూ. ఒకటో పలక మధ్యలో కొట్టాడు. ఖణ్‌మంది. రెండోది, మూడోది కూడా ఖణ్‌మని సాగి సాగి ఆగాయి. నాలుగో పలక దగ్గర ఆయన మణికట్టు తనంత తనే పైకి లేచింది. గొలుసు పక్కన, అంచు మీద, చిన్న దెబ్బ వేశాడు. పలక పాడింది. కొంచెం సన్నగా, అయినా పాడింది. ఆవిడ రాసుకుంది. ఆయన ఐదో పలక వైపు కదిలాడు.

"మావయ్యా."

అందరూ తిరిగారు. కోడలు వరసలోంచి ఒక అడుగు ముందుకేసి ఉంది.

"మధ్యలో కొట్టండి మావయ్యా."

"నిన్ను పిలిచినప్పుడు మాట్లాడు అమ్మాయ్," అన్నాడు మేనేజరు. "సోమవారం సంగతి గుర్తుందా?"

"గుర్తుందండి," అంది ఆమె, ఆయన వైపు చూడకుండానే.

పెద్దాయన చేతిలో సుత్తి ఒక్కసారిగా బరువెక్కింది. అందులో వింతేం లేదు, మూడు నెలల జీతం, కోడలి ఉద్యోగం, కొడుకు మందులు అన్నీ దాని మీదే ఉన్నాయి. ఆయన కోడలి మొహం చూశాడు. అందులో కోపం వెతుక్కున్నాడు. కోపమైతే తట్టుకునేవాడేమో. ఆమె ఎదురుచూస్తోంది, అంతే. సుత్తి నేర్చుకునే రోజుల్లో పొద్దున్నే పలక మోగేదాకా చెవి ఒగ్గి ఎలా నిలబడేదో అచ్చం అలాగే నిలబడి ఉంది.

వెనక్కొచ్చి నాలుగో పలక నడిమధ్యన కొట్టాడు.

దబ్‌మంది. తెల్లటి పుట్టీ పెళ్లలు రాలి ఇసుకలో పడ్డాయి. మోత లేదు, సాగడం లేదు. కాల్పులు లేని రేంజి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అందరికీ తెలిసింది.

"ఇదేంటి?" అంది విచారణావిడ.

"గుంటలు పడ్డ పలకండి. వెల్డింగ్ చేసి నింపాను. చెయ్యకూడదని తెలుసు. ఆ గోడ మీద రాసింది నేనే."

"గుంటలు ఎలా పడ్డాయి?"

"ఉక్కు తూటాలు. అయస్కాంతం పెట్టి చూడాల్సింది నేను, చూడలేదు. మా చుట్టం కదా అని వదిలేశాను."

ఆవిడ పెన్ను ఆగకుండా నడుస్తోంది. మేనేజరు గట్టు మీద కూర్చుండిపోయాడు. వరసలో నిలబడ్డవాళ్లలో ఒకడు, అద్దాలు వదులన్నవాడు, ఇసుక వైపు చూస్తున్నాడు.

"పరీక్ష రోజున, ఆ జట్టు కాల్చే ముందు, ఇది పగిలిందని మీకు తెలుసా?"

"తెలుసండి. రంగులో గీత కనపడింది. దాని మీద రంగేసి వచ్చాను."

"జెండా మీ చేతిలోనే ఉంది."

"నా చేతిలోనే ఉందండి."

ఆవిడ మొదటిసారి తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది. "మరి ఎవర్నీ హెచ్చరించలేదా?"

లేదంటే సరిపోయేది. మతిలేని ముసలాడు, మరిచిపోయాడు అనుకుని ఆవిడ రాసుకుని వెళ్లిపోయేది. కోడలు కూడా ఆ మాట బయటపెట్టేది కాదేమో. పెద్దాయన సుత్తి కిందికి దించాడు.

"హెచ్చరించానండి," అన్నాడు. "ఒక్కర్ని."

ఆవిడ పెన్ను ఆగింది. ఆవిడ చూపు మెల్లగా కోడలి వైపు తిరిగింది. కోడలు ఇసుకలో నడుచుకుంటూ వచ్చి ఆయన చేతిలోంచి సుత్తి తీసుకుంది. ఇంకా నాలుగు పలకలున్నాయి. ఆమె ఐదో పలక ముందు ఆగి, గొలుసు కొక్కెం లాగి చూసి, మధ్యలో కొట్టింది.